యాప్రాల్ లిబరేటర్

సికింద్రాబాదు, రాంగోపాల్‌పేట్
7 మార్చి 1948

పర్వతాలూ,

బెంగుళూరు నీళ్ళు తాగి మమ్మల్ని మర్చిపోయావని మీ వదిన రోజుకోసారి దెప్పుతోంది. విమానాల కార్ఖానాలో ఫిట్టరు ఉద్యోగమంటే మాటలా, ఉత్తరం రాసే తీరిక వాడికెక్కడిది అని నేనే నిన్ను వెనకేసుకొస్తున్నాను. ఇక నా పరువు నిలబెట్టడం నీ చేతిలో ఉంది.

ఇక్కడి ఏరోడ్రోము బోసిపోయింది. యుద్ధం రోజుల్లో మనం పనిచేసిన వడ్రంగి షెడ్డుకు తాళం వేశారు. నిన్న కిటికీ చువ్వల్లోంచి తొంగిచూశాను. మన బల్ల అలాగే ఉంది. నాలుగేళ్ళు ఆ బల్ల దగ్గరే కదా జానెడు జానెడు టేకు విమానాలు చెక్కి నల్లరంగు పూశాం, ఆకాశాన్ని కాసే కావలివాళ్ళు ఆకారాన్ని బట్టి విమానం పేరు పట్టడం నేర్చుకోవడానికి! ఆకాశంలో రంగు కనపడదు, ఆకారమే కనపడుతుందని ఆ తెల్ల సార్జెంటు చెప్పేవాడు. బొమ్మ పైకెత్తి రెండు అంకెలు లెక్కపెట్టేలోగా పేరు చెప్పాలి. ఆ పోటీలో మన ఇద్దరినీ ఎవడూ ఓడించలేదు. అతను ‘ఒకటి’ అనకముందే ‘లిబరేటర్’ అని అరిచేవాడివి నువ్వు.

నేను దాచుకున్న పదకొండు బొమ్మలు ఇంట్లో దూలానికి వేలాడుతున్నాయి. తలకు తగిలినప్పుడల్లా మీ వదిన, “ఇది ఇల్లా, ఏరోడ్రోమా? బాంబులేసేటియి నెత్తిమీద కట్టుకున్న మనిషిని నేను యాడ జూడలే” అంటుంది. ఆమె మాటా నిజమే. అవి ఊళ్ళను తగలబెట్టడానికి పుట్టినవే. అయినా ఆ నాలుగింజన్ల లిబరేటర్ రెక్క అంత పొడుగున సన్నగా సాగిపోయే తీరు చూస్తుంటే నాకు ఇంకేమీ గుర్తురాదు. ఇది పాపమైతే నేను పాపినే.

ఊరు బాగాలేదు. రోడ్ల మీద కత్తులు పట్టుకుని కవాతులు చేస్తున్నారు. స్టేషన్‌లో రైలెక్కేవాళ్ళే తప్ప దిగేవాళ్ళు కనపడటం లేదు. పక్కింటి కాంతమణి వాళ్ళు బెజవాడ వెళ్ళిపోయారు. వెళ్తూ తులసికోటకు నీళ్ళు పోయమని మీ వదినకు చెప్పి వెళ్ళారు. పోస్తోంది.

శుక్రవారం నమాజయ్యాక మీ ఊరు యాప్రాల్ వెళ్ళి మీ అమ్మను చూసొచ్చాను. లచ్చమ్మకేం, ఉక్కు మనిషి. నీ నుంచి కొత్త ఉత్తరం లేదు కాబట్టి పాతదే మళ్ళీ చదివించుకుంది.

నీ
సుభాన్


బెంగుళూరు
29 మార్చి 1948

సుభాన్ భాయ్‌కి,

వదినకు నా తరఫున వంగి సలాం చెప్పు. ఉత్తరం ఆలస్యమైనందుకు ఒక లంచం ఇస్తాను, పుచ్చుకో. కాన్పూరులో లిబరేటర్లు తుక్కుకింద పడి ఉన్నాయట! ఒకటీ రెండూ కాదు, గుంపులు గుంపులు. యుద్ధం అయిపోయాక దొరలు వాటిని మనకు దక్కకుండా చేసిపోవాలని ఇంజన్లలో ఇసుక పోసి, లోపలి మీటర్లన్నీ సుత్తులతో పగలగొట్టారట. వాటినే బాగుచేసి ఇక్కడికి ఎగరేసుకొస్తారని కార్ఖానాలో గుసగుస. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఇన్నాళ్ళూ ఏరోడ్రోము కంచె బయట నిలబడి చూసినదాన్ని చేత్తో ముట్టుకోబోతున్నాను.

కత్తుల కవాతుల సంగతి ఇక్కడి పత్రికల్లోనూ వస్తోంది. నాకు దిగులుగా ఉంది. ఇక్కడ మంచి వడ్రంగులు కావాలంటున్నారు. నువ్వూ వదినా వచ్చేయండి. అమ్మను రమ్మంటే బర్రెలకు కూడా టిక్కెట్టు తీయమంటుంది. నువ్వు చెబితే వింటుందేమో చూడు.

నీ
పర్వతాలు


సికింద్రాబాదు
3 జూన్ 1948

పర్వతాలూ,

ఈ ఉత్తరం ఇక్కడి పోస్టులో వేయడం లేదు. మా వీధిలో ఉండే రైలు గార్డు జకర్యా దీన్ని సరిహద్దు అవతల ద్రోణాచలం తీసుకెళ్ళి అక్కడి డబ్బాలో వేస్తాడు. నువ్వు కూడా అక్కడికే ఆయన పేరున రాయి. నీ కవర్లు ఎవరో విప్పి మళ్ళీ అతికించినట్టు వస్తున్నాయి.

ఇప్పుడు కూర్చుని చదువు. పోయిన వారం ఇక్కడి సర్కారు ఫౌజు కప్తాను ఒకాయన జీపులో మా ఇంటికొచ్చాడు. మీ వదిన లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. ఆయన తల పైకెత్తి దూలానికున్న బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూశాడు. లిబరేటర్ దగ్గర ఆగి, “ఉస్తాద్, గిది అసలంత కట్టగల్తవా? బొమ్మ కాదు, అసలంత” అన్నాడు.

అసలంత! నూట పది అడుగుల రెక్క! కలలో కూడా నేను ఇరవై అడుగులు దాటలేదు.

ఎందుకు సాబ్ అని అడిగాను. “రియాసత్‌కు సుత పెద్ద విమానాలున్నయని జనం జూడాలె. జనానికి ధైర్నం గావాలె” అన్నాడు. వెదురు, టేకు, గోనెగుడ్డ, వార్నీషు, ముప్పైమంది మనుషులు, అడిగినంత ఇస్తారట. ఉప్పుకూ కిరసనాయిలుకూ ఊరంతా కటకటలాడుతుంటే నాకు డబ్బాల కొద్దీ వార్నీషు!

బెంగుళూరు రమ్మన్నావు. ఇది వదిలి ఎలా రమ్మంటావు చెప్పు? పూర్తికాగానే వస్తాం. ఎక్కడ కడుతున్నానో ఎవరికీ చెప్పనని ఖురాన్ మీద ప్రమాణం చేయించారు కాబట్టి అది మాత్రం అడగొద్దు. రెక్క మొదట్లో ఎంత మందం, చివర ఎంత, తోక చెక్కల మధ్య దూరమెంత, ఇవి కావాలి. నా దగ్గరున్నవి అంచనాలే. నీ దగ్గర అసలుది ఉంటుంది కదా.

సుభాన్


బెంగుళూరు
20 జూన్ 1948

సుభాన్ భాయ్,

వచ్చింది. పోయిన మంగళవారం పొద్దున కాన్పూరు నుంచి వచ్చి దిగింది. నాలుగు ఇంజన్లలో ఒకటి దగ్గుతూనే ఉంది. పక్కన నిలబడితే మనం చెక్కిన బొమ్మలన్నీ అబద్ధాలనిపించాయి. పొట్ట అంత ఎత్తు ఉంటుందని నేను అనుకోలేదు. బాంబులు వేసే తలుపులు కిందికి తెరుచుకోవు, దుకాణం షట్టర్ల మాదిరి పక్కలమీదికి చుట్టుకుపోతాయి. దానికింద వెల్లకిలా పడుకుని అరగంట చూశాను. మేస్త్రీ వచ్చి నిద్రపోతున్నాననుకుని తిట్టాడు.

ఇక నీ పని. నాకు ఇది పూర్తిగా నచ్చలేదు భాయ్. ఈ రోజుల్లో ఫౌజువాళ్ళు ఇంటికొచ్చి అడిగితే కాదనలేం, నిజమే, కానీ వాళ్ళు ధైర్యం కోసం గోనెగుడ్డ విమానం కట్టిస్తున్నారంటే నవ్వు రావాల్సింది పోయి ఏదో గుబులుగా ఉంది. ఇలా రాస్తూనే ఉన్నాను, నిన్న మధ్యాహ్నం అన్నం మానేసి టేపు పట్టుకుని రెక్క మీదికెక్కాను. నువ్వడిగినవన్నీ, అడగనివి ఇంకో ఇరవై, వెనక కాగితంలో ఉన్నాయి. ముక్కు చక్రం సంగతి బాగా చూసుకో. దానివల్లే ఇది నేలమీద తోక వాలేయకుండా నిలబడుతుంది. ఆ నిలబడే తీరు తప్పితే అది లిబరేటరే కాదు.

కాగితం చూశాక చింపేయి. కొలతలు బయటికి పంపానని తెలిస్తే నా ఉద్యోగం ఒక్కటే కాదు, నేనూ లోపలికి పోతాను.

పర్వతాలు


సికింద్రాబాదు
19 జూలై 1948

పర్వతాలూ,

నీ నోట్లో చక్కెర పోయాలి. కాగితం చింపలేదు, బట్టీపట్టి పొయ్యిలో వేశాను.

లేచి నిలబడింది! ఎడమ రెక్క అయిపోయింది, కుడిది సగమైంది. మొన్న వాన పడితే గోనెగుడ్డ బిగిసి డప్పులా మోగింది. ముప్పైమందిలో ఒక్కడికి కూడా విమానమంటే ఏమిటో తెలియదు. జంగయ్య అనే ముసలి వడ్రంగి రోజూ, “ఇంత జేసినం, ఎగురకపోతె ఏం ఫాయిదా ఉస్తాద్?” అంటాడు. నాకు ఎగరాల్సిన పనిలేదు. ఇలా నిలబడితే చాలు. పనయ్యాక మనుషులందరూ వెళ్ళిపోతే కాసేపు దాని ముక్కుకింద కూర్చుంటాను.

కప్తానుతో మాత్రం రోజూ గొడవే. పొట్ట కింద తలుపులు చేయొద్దంటాడు. నువ్వు అరగంట పడుకుని చూసి రాసిన తలుపులు! చక్రాలు కూడా వద్దన్నాడు, పొట్టకింద రాళ్ళు పెట్టి నిలబెట్టమన్నాడు. “కిందికెల్లి ఎట్లున్నా పర్వాలేదు, మీదికెల్లి మంచిగ గనబడాలె, గంతే” అంటాడు. జనం చూడాలంటే పక్కనుంచీ కిందనుంచీ కదా చూస్తారు సాబ్ అంటే నవ్వి జీపెక్కాడు. కళ అంటే గౌరవం లేని మనిషి. నేను మొండికేసి చక్రాలు పెట్టాను. టేకుతో చెక్కి నల్లరంగు వేశాను. లేకపోతే నీడ చచ్చినదాని నీడలా పడుతుంది.

ఒంట్లో బాగానే ఉంది. ఎండ దెబ్బ తగలకుండా మీ అమ్మ రోజూ మధ్యాహ్నం చల్ల ముంత తెచ్చిస్తోంది. చల్లలో ఉల్లిగడ్డ వేస్తుంది, ఆ రుచి నీకు గుర్తుందా? కొలతలు పంపింది నువ్వేనని చెప్పలేదు. చెబితే ఊరంతా చాటుతుంది.

సుభాన్


బెంగుళూరు
30 జూలై 1948

సుభాన్ భాయ్,

మా అమ్మ ముంత పట్టుకుని ఎంత దూరం నడవగలదో నాకు తెలుసు. ఎక్కడ కడుతున్నావో చెప్పనన్నావు, చల్ల చెప్పేసింది. మా ఇంటి వెనక బీడులో కడుతున్నావు.

నేను చెప్పేది కోపం లేకుండా చదువు. కిందనుంచి ఎలా ఉన్నా పరవాలేదు, పైనుంచి బాగుండాలి అని ఆ కప్తాను ఎందుకన్నాడో నీకు నిజంగా తెలియలేదా? ఆ విమానాన్ని చూడాల్సింది సికింద్రాబాదు జనం కాదు. ఆకాశంలోంచి చూసేవాళ్ళు. యుద్ధంలో రెండు పక్షాలూ ఇలాంటివి కట్టాయి. సార్జెంటు ఒకసారి చెప్పాడు కూడా. అసలు విమానాలను దాచిపెట్టి ఉత్తుత్తి వాటిని బయట పెడతారు. బాంబులన్నీ వాటిమీద పడాలి.

భాయ్, నువ్వు కట్టేది బాంబు పడటానికి. పడేది మా ఊరి మీద. నలభై ఇళ్ళు. మా అమ్మ ఇంటికీ నీ ఎడమ రెక్కకూ మధ్య వంద గజాలు ఉంటుందా?

ఇక్కడి గాలి నాకు తెలుస్తోంది. ఏదో జరగబోతోంది, ఎప్పుడో నాకు తెలియదు, తెలిసినా రాయలేను. అమ్మను అక్కడినుంచి తీసుకుపో. తక్కినవాళ్ళను కూడా పొమ్మను. అది కుదరకపోతే విమానాన్ని పాడుచేయి. రెక్క ఒకటి పొట్టిగా కట్టు, తోక చెక్క ఒకటి తీసేయి, చూసినవాడు పడీపడీ నవ్వాలి. నీకు తప్పుగా కట్టడం రాదని తెలుసు. ఈ ఒక్కసారికి నేర్చుకో.

పర్వతాలు


సికింద్రాబాదు
14 ఆగస్టు 1948

పర్వతాలూ,

నీ ఉత్తరం చదివి నీమీద మండిపడ్డాను. కార్ఖానా గోడల మధ్య కూర్చుని నా పనిని ఎగతాళి చేస్తున్నావనుకున్నాను. రెండు రోజులు అలాగే పని చేశాను. మూడో రోజు కప్తాను విమానం చుట్టూ గోతులు తవ్వించి పాత ఇంజన్ నూనె పోయించాడు. ఇవెందుకు సాబ్ అన్నాను. “టైమొస్తే అగ్గి పెడ్తం. మండుతుంటె మీదికెల్లి మంచిగ గనబడ్తది” అన్నాడు. అప్పుడు నువ్వు రాసింది నిజమని అర్థమైంది. ఇంత చిన్న విషయం నాకు తెలియలేదు పర్వతాలూ. నాకు రెక్క తప్ప ఏమీ కనపడలేదు.

మీ అమ్మను రాంగోపాల్‌పేట్ వచ్చేయమని కాళ్ళావేళ్ళా పడ్డాను. “బర్రెలనిడిసి నేనేడికి పోత కొడుకా? మొగులు మీదికెల్లి ఏదో పడ్తదని ఇల్లిడిసి పోతరా ఎవలన్న?” అంది. తక్కినవాళ్ళకు నెమ్మదిగా చెప్పాను. ఇద్దరు మూటలు కట్టారు. కప్తాను మనుషులు దారిలో ఆపి తిప్పి పంపారు. పొలానికి పోవచ్చు, బర్రెలను తోలుకోవచ్చు, మూటతో మాత్రం ఊరు దాటకూడదు. ఊళ్ళో పొయ్యిలు వెలుగుతూ ఉండాలట. పైలట్ల బస అనుకోవాలట పైనున్నవాళ్ళు.

అంచేత రెండో దారే మిగిలింది. రేపటి నుంచి తప్పులు మొదలుపెడతాను. ఎడమ రెక్క కొసన పన్నెండు అడుగులు కోసేస్తాను. కప్తానుకు ఆకారం తెలియదు, కనిపెట్టలేడు. నువ్వు నిశ్చింతగా ఉండు.

మీ వదిన నేను ఈ మధ్య నిద్రలో కొలతలు చెబుతున్నానంటోంది.

సుభాన్


బెంగుళూరు
3 సెప్టెంబరు 1948

సుభాన్ భాయ్,

నిన్న మమ్మల్ని ఒక్కొక్కరినే ఆఫీసు గదిలోకి పిలిచారు. బయటినుంచి వచ్చిన అధికారి ఒకాయన కూర్చుని ఉన్నాడు. నేను వెళ్ళగానే ఆకాశంలోంచి తీసిన ఫోటో బల్లమీద పెట్టి, ఇదేంటి అన్నాడు.

రెండు అంకెలు పట్టలేదు. “లిబరేటర్” అనేశాను.

అన్న తర్వాత చూశాను. ఫోటో కింది మూలన మా ఇల్లు. బర్రెల కొట్టం. గడ్డివాము. కొట్టం ముందు చుక్కంత మనిషి, అమ్మో కాదో.

నువ్వు రెక్క కోయలేదు. అంగుళం కూడా కోయలేదు. నేను పంపిన కొలతలు నాకు తెలియవా? నాకు అబద్ధం రాశావు. అయినా నిన్ననడానికి నాకు నోరు లేదు. నేను అన్న మాట వెనక్కి తీసుకుందామని, చెక్కది కూడా కావచ్చు సార్ అన్నాను. ఎలా చెప్పగలవు అన్నాడు. నీడలో తేడా ఉంటుందని వంగి చూశాను. నీడ ఎంత బాగా పడిందో భాయ్! నీ చక్రాల మీద నిటారుగా నిలబడింది. తేడా ఒక్కటీ దొరకలేదు. నా స్నేహితుడు కట్టాడు, కొలతలు నేనే పంపాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. జైలు గుర్తొచ్చింది. మా అమ్మ ఇల్లు కళ్ళముందు పెట్టుకుని నోరు మూసుకున్నాను. ఆయన ఫోటో కవరులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక కోయడానికీ దిద్దడానికీ సమయం లేదు. తగలబెట్టు. ఈ ఉత్తరం అందిన రోజే తగలబెట్టి వదినతో ఎటైనా వెళ్ళిపో. నిన్నింకేమీ అడగను.

పర్వతాలు


సికింద్రాబాదు
10 సెప్టెంబరు 1948

పర్వతాలూ,

నీ ఉత్తరం ఇప్పుడే జకర్యా ఇచ్చాడు. ఆయన బయట నిలబడి ఉన్నాడు, నాలుగు ముక్కలే రాస్తున్నాను.

అవును, అబద్ధం రాశాను. రంపం పట్టుకుని మూడుసార్లు రెక్కమీదికెక్కాను. కోయాల్సిన చోట సుద్దతో గీత కూడా గీశాను. చేయి ఆడలేదు. నా పనిని నేనే వికారం చేయడం నావల్ల కాలేదు. మీ అమ్మ కింద ముంతతో నిలబడి పిలుస్తున్నా కాలేదు. నేను ఎలాంటి మనిషినో నాకు ఈ నెలలో తెలిసింది. నువ్వు చెప్పింది నయం. తప్పుగా కోయలేను గానీ మొత్తంగా తగలబెట్టగలను.

రేపు మధ్యాహ్నం. మీ వదినకు చెప్పలేదు.

సుభాన్


సికింద్రాబాదు
26 సెప్టెంబరు 1948

పర్వతాలు భాయ్‌కు రహమత్‌బీ సలాం.

నాకు రాయరాదు. జకర్యా భాయ్ నేను చెప్పింది చెప్పినట్టు రాస్తుండు.

మీ దోస్తు లేడు భాయ్. శనివారం పొద్దుగాల రొట్టె సుత తినకుంట పోయిండు. కావలోళ్ళు బువ్వ తినేటాల్లకు వార్నీషు డబ్బలు గుమ్మరిచ్చి అగ్గి పెట్టిండంట. మీ అమ్మ కండ్లార జూసింది. మూడు నెలలు గట్టింది గడియల బూడిదయిందంట. ఉరుకు కొడుకా, ఉరుకు అని మీ అమ్మ మొత్తుకున్నదంట. ఆయన ఉరకలే. నిలబడి దాన్నే జూసుకుంట ఉన్నడంట. కావలోళ్ళు ఉరికొచ్చి ఆడనే కాల్చిన్రు. మీ అమ్మనే బండి గట్టిచ్చి ఇంటికి తెచ్చింది. మట్టి చేసినం.

సోమవారం విమానాలు వచ్చినయి. యాప్రాల్ మీదికెల్లే పోయినయి. ఒక్కటి సుత ఆడ పడలే. నలభై ఇండ్లు అట్లనే ఉన్నయి. కప్తాను జీపెక్కి ఎటు పోయిండో పోయిండు.

ఇండియా ఫౌజు వచ్చినంక గల్లీల ఎవరెవరో తిరుగుతున్నరు. ఆ విమానం గట్టినోని ఇల్లేది అని అడుగుతున్నరు. మీ అమ్మ వచ్చి మా గడపల కూసుంది. బర్రెలను ఎవరికో అప్పజెప్పి వచ్చింది. “ఈ ఇంట్ల మొగోడు మా ఊరిని బతికిచ్చి పోయిండు. లోపలికి పోవాల్నంటె నన్ను దాటి పోరి” అంటది. ఆమె ఉన్నంక ఎవరు వస్తలేరు.

ఒక్కటి అడుగుత భాయ్, దాయకుంట చెప్పు. నీకైతె ఎరికుంటది. ఆయన కాలబెట్టకపోతె బాంబు పడుతుండెనే గదా? నాకు కూసుంటె లేస్తె గదే. ఊకనే పోలే గదా ఆయన?


బెంగుళూరు
12 అక్టోబరు 1948

జకర్యా గారికి నమస్కారాలు.

దీనితో పాటు ఇంకో ఉత్తరం పంపుతున్నాను. అది మా వదినకు చదివి వినిపించండి. దీన్ని మీరొక్కరే చదివి చింపేయండి. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

సుభాన్ కట్టిన విమానం ఫోటో నాకు చూపించిన అధికారి పోయిన వారం మళ్ళీ వచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టి నవ్వాడు. “నీ లిబరేటర్‌ను వాళ్ళే కాల్చుకున్నారోయ్” అన్నాడు. నేను ధైర్యం చేసి, కాల్చకపోతే దానిమీద బాంబు వేసేవారా సార్ అని అడిగాను. ఎందుకు వేస్తాం, అది చెక్కదని ఫోటో తీసిన రోజే తెలుసు అన్నాడు. పాత ఫోటో తీసి చూపించాడు. వానకు తడిసిన నేల. ఎడ్లబండ్ల జాడలు దారినుంచి విమానం దాకా బారులు తీరి ఉన్నాయి. విమానం చక్రాల జాడ ఒక్కటీ లేదు. అంత బరువైనది మెత్తటి నేలమీదికి గీత పడకుండా ఎలా వచ్చింది, చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది కదా అన్నాడు. మమ్మల్ని పిలిచి అడిగింది మాకెంత తెలుసో చూద్దామనేనట. ఆ చోటు వాళ్ళ జాబితాలో ఏనాడూ లేదు.

సుభాన్ కట్టినదాంట్లో తప్పు లేదు. నేను చూసినదాంట్లో తప్పు లేదు. ఇద్దరం విమానాన్నే చూశాం జకర్యా గారూ, దాని కింద నేలను చూడలేదు. ఆ రోజు నేను ఇంకొక్క నిమిషం ఆ ఫోటో చూసి ఉంటే తగలబెట్టమని రాసేవాణ్ణి కాదు. అతన్ని చంపింది ఆ ఉత్తరం. దాన్ని మోసుకొచ్చి ఇచ్చింది మీరు కాబట్టి మీకు చెబుతున్నాను. మీ తప్పేమీ లేదు.

మీకు అబద్ధమాడటం ఇష్టం ఉండదని తెలుసు. వదిన ముందు మాత్రం మీ గొంతు వణకకూడదు.

పర్వతాలు


బెంగుళూరు
12 అక్టోబరు 1948

రహమత్‌బీ వదినకు,

పర్వతాలు కాళ్ళకు మొక్కి రాస్తున్నది. వచ్చే వారం సెలవు పెట్టి వస్తున్నాను. అంతవరకు అమ్మను మీ దగ్గరే ఉండనివ్వండి, ఇంటికి పోతానన్నా పంపకండి. సుభాన్ భాయ్ గురించి ఎవరు వచ్చి అడిగినా నేను చెబుతాను, అతను ఎవరో, ఏం చేశాడో. కొలతలు ఇచ్చింది నేనేనని కూడా చెబుతాను. ఏమైనా కానీ.

మీరు అడిగినదానికి జవాబు. పడేది వదినా. తప్పకుండా పడేది. ఆ పని చూసిన అధికారే నాతో స్వయంగా చెప్పాడు. సోమవారం పొద్దున బాంబులు వేయాల్సిన చోట్లు వరసగా రాసిపెట్టుకున్నారట, అందులో యాప్రాల్ రెండోది. ఆదివారం ఒక విమానం పైనుంచి చూసిపోయింది. అక్కడ బూడిద తప్ప ఏమీ లేదని చెప్పింది. అప్పుడు ఆ పేరు కొట్టేశారు. భాయ్ ఒక్క రోజు ఆలస్యం చేసి ఉంటే మా అమ్మ లేదు, ఆ నలభై ఇళ్ళు లేవు.

ఆయన ఊరికే పోలేదు. ఇది నేను నా చెవులతో విన్న మాట. మిమ్మల్ని ఎవరడిగినా ఇదే చెప్పండి. బతికున్నంత కాలం నేనూ ఇదే చెబుతాను.

మీ మరిది
పర్వతాలు